చీలమండ ఎంత వంగుతుందో ఇంట్లో సరిగ్గా కొలవడం ఎలా?

పరుగెత్తితే మడమ నొప్పి, షటిల్ ఆడితే పిక్క పట్టేస్తోంది అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే బూట్లు మార్చేసి, వేలు పోసి ఇన్‌సోల్స్ కూడా కొనేసి ఉంటారు. చీలమండ ఎంత వంగుతోందో మాత్రం ఎవరూ చూసి ఉండరు. స్పోర్ట్స్ పోడియాట్రీలో, అంటే ఆటగాళ్ల పాదాల వైద్యంలో, బయోమెకానిక్స్ (శరీరం కదిలే తీరును కొలవడం) అనగానే ఖరీదైన ల్యాబు, కెమెరాలు అనుకుంటారు. మొదటి పరీక్షకు ఒక గోడ చాలు. ఫిజియోలు దీన్ని 'నీ టు వాల్' టెస్ట్ అంటారు, అంటే మోకాలిని గోడకు తాకించే పరీక్ష.

అడుగు వేశాక మోకాలి కింది కాలు పాదం మీదుగా ముందుకు వాలాలి. అలా వాలాలంటే చీలమండ వంగాలి. మామూలు నడకకే సుమారు 10 డిగ్రీలు కావాలి, పరుగుకు అంతకంటే ఎక్కువ. షటిల్‌లో నెట్ దగ్గరికి పెద్ద అడుగు వేసి వంగినప్పుడు ఇంకా ఎక్కువ. ఆ వంపు దొరక్కపోతే మడమ ముందే లేచిపోతుంది, లేదా పాదం లోపలి వంపు కుంగిపోతుంది. అరికాలి ఫాసియా (మడమ నుంచి వేళ్ల దాకా ఉండే గట్టి పొర), అకిలిస్ టెండన్ (పిక్కను మడమకు కలిపే నరంలాంటి తాడు) అడుగడుగునా ఆ భారం మోయాల్సి వస్తుంది.

ఏం కావాలి?

చదునైన గచ్చు, గోడ, మాస్కింగ్ టేప్, స్టీల్ స్కేలు. బట్టల టేపు వద్దు, అది సాగుతుంది. బూట్లు, సాక్సులు తీసేయండి. నిద్ర లేవగానే కొలవొద్దు. సాయంత్రం పది నిమిషాలు నడిచాక కొలవండి.

ఎలా నిలబడాలి?

గోడ నుంచి తిన్నగా ముందుకు వచ్చేలా నేల మీద ఒక టేపు అంటించండి. అదే గీత గోడ మీదా పైకి సాగేలా ఇంకో టేపు అంటించండి. రెండో వేలు, మడమ మధ్యభాగం నేల మీది టేపుపైనే ఉండాలి. బొటనవేలి కొసకూ గోడకూ మధ్య 8 సెంటీమీటర్లు వదలండి. రెండో కాలు వెనక్కి పెట్టి, గోడ పట్టుకుని, మోకాలు వంచి గోడకు తాకించండి. తాకితే పాదాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. మడమ లేవకుండా మోకాలు తాకిన చివరి దూరమే మీ కొలత. రెండు కాళ్లకూ విడివిడిగా చేయండి.

అందరూ పాడుచేసేది ఇక్కడే

మడమ లేవడం అందరూ గమనిస్తారు. పాదం కుంగడం మాత్రం ఎవరూ గమనించరు. చీలమండ ఇక వంగలేని చోటికి వచ్చాక కూడా మోకాలు గోడను తాకుతుంది, ఎందుకంటే పాదం మధ్యలో ఉన్న కీళ్లు వంగి ఆ లోటు పూడ్చేస్తాయి. బందు బిగుసుకుపోయిన తలుపును బలంగా తోస్తే చట్రం కదిలినట్టే ఇది. స్కేలు మీద 10 కనిపిస్తుంది, చీలమండ ఇచ్చింది మాత్రం 7 కావచ్చు. ఒక్కో సెంటీమీటరు సుమారు 3.6 డిగ్రీలతో సమానం. అంటే మూడు సెంటీమీటర్ల తప్పు చిన్న తప్పు కాదు.

అందుకే ఒంటరిగా చేయొద్దు, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. చీలమండ లోపలి గుబ్బకు కాస్త ముందు, కిందుగా ఇంకో ఎముక చేతికి తగులుతుంది. దాని పేరు నావిక్యులర్. పక్కనున్నవాళ్లు దాని మీద వేలు పెట్టి ఉంచాలి. మోకాలు ముందుకు వెళ్తున్నప్పుడు కాస్త కదలడం మామూలే. అది నేలవైపు జారిపోతున్నట్టు అనిపించిందా, ఆ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మోకాలు గోడ మీది టేపునే తాకాలి. దానికి లోపలివైపు తాకిందంటే పాదం కుంగినట్టే. వేళ్లు బయటికి తిరిగినా అంతే. మడమ కింద సన్నని కాగితం పెట్టి లాగి చూడండి. ఊడి వస్తే మడమ లేచినట్టు. ఊగుతూ తాకించడం, తుంటిని తిప్పి తోయడం వద్దు. నెమ్మదిగా తాకించి, ఒక క్షణం ఆగాలి.

మంచం మీద పడుకోబెట్టి చేత్తో పాదాన్ని వంచి కొలిచేవాళ్లున్నారు. ఎంత బలంగా నొక్కితే అంత వస్తుంది, మనిషి మారితే అంకె మారుతుంది. ఆటలో చీలమండ వంగేది ఒంటి బరువు మీద పడ్డప్పుడు, కాబట్టి కొలవాల్సిందీ అలాగే. ఇక తడి పాదముద్ర చూసి బూట్లు ఎంచుకునే పద్ధతి పూర్తిగా మానేయండి. నిలబడి ఉన్న పాదం ఆకారం అది. కదిలేటప్పుడు ఆ పాదం ఏం చేస్తుందో అందులో కనిపించదు.

కొలతను ఎలా చదవాలి?

సాధారణంగా 10 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే చాలు. రెండు కాళ్ల మధ్య తేడా 2 సెంటీమీటర్లు దాటితే పట్టించుకోండి, ముఖ్యంగా తక్కువ ఉన్న కాలికే నొప్పి ఉంటే.

బిగుతు ఎక్కడ తెలుస్తోందన్నది అంకె కంటే ముఖ్యం. వెనక, పిక్క కింది భాగంలో లాగుతుంటే అది సోలియస్ అనే పిక్క లోపలి కండరం పని. మోకాలు కొద్దిగా వంచి మెట్టు అంచున మడమను నెమ్మదిగా దించి లేపే వ్యాయామం రోజు విడిచి రోజు చేయండి. మోకాలు నిటారుగా పెట్టి చేసే స్ట్రెచ్ పిక్క పైభాగంలోని కండరానికి ఎక్కువ పనికొస్తుంది, సోలియస్‌కు అది చాలదు. చీలమండ ముందు భాగంలో నొక్కినట్టు, గుచ్చినట్టు ఉంటే స్ట్రెచ్ చేయనే వద్దు. ఇబ్బంది కీలులో ఉండొచ్చు, ఫిజియో చేత్తో చూడాలి. పాత బెణుకు ఉన్నవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

కొత్తగా బెణికి వాచిన కాలికి, విరిగి మానుతున్న ఎముకకు ఈ పరీక్ష చేయొద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి.

ఆరు వారాలు వ్యాయామం చేశాక అదే గోడ దగ్గర, అదే వేళకు, అదే మనిషి సాయంతో మళ్లీ కొలవండి. ఒక్క సెంటీమీటరు పెరిగితే బాగుపడినట్టు రాసుకోవద్దు, కొలతలోనే అంత తేడా రావచ్చు. రెండు పెరిగితే అప్పుడు రాసుకోండి.