ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌ను ట్రాన్స్‌పరెంట్ చేయాలంటే ఒపాసిటీ స్లయిడర్ జోలికి వెళ్లకండి

ఇష్టపడి పెట్టుకున్న వాల్‌పేపర్ మీద ప్యానెల్ (మెనూ, ఐకాన్లు, గడియారం ఉండే బార్) నల్ల పట్టీలా అడ్డంగా పడి ఉంటే చూడబుద్ధి కాదు. లినక్స్ డెస్క్‌టాప్ అయిన ఎక్స్‌ఎఫ్‌సీఈలో దాన్ని పారదర్శకంగా చేయడం ఐదు నిమిషాల పనే, కాకపోతే చాలామంది ముందు పట్టుకునేది తప్పు దారి. చాలాకాలం నేనూ అలాగే చేశాను.

మొదట కంపోజిటర్ (పారదర్శకత, నీడలు చూపించే భాగం) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిస్తే కంపోజిటర్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, అందులో ఎనేబుల్ డిస్‌ప్లే కంపోజిటింగ్ దగ్గర టిక్ ఉండాలి. అది లేకుండా ఎన్ని తిప్పలు పడినా వెనకున్న వాల్‌పేపర్ కనబడదు.

తర్వాత ప్యానెల్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, ప్యానెల్, అందులో ప్యానెల్ ప్రిఫరెన్సెస్. మీకు రెండు ప్యానెల్స్ ఉంటే పైనున్న జాబితాలో ఏది ఎంచుకున్నారో చూసుకోండి, దేని సెట్టింగ్ దానిదే. అప్పియరెన్స్ ట్యాబ్‌లోకి వెళ్తే ఒపాసిటీ (ఎంత దట్టంగా కనబడాలన్నది) కింద ఎంటర్, లీవ్ అని రెండు స్లయిడర్లు కనబడతాయి. మౌస్ ప్యానెల్ మీదికి వచ్చినప్పుడు ఎంత, పక్కకు పోయాక ఎంత అని వాటి అర్థం. అందరూ లీవ్‌ని 50కి లాగేసి అయిపోయిందనుకుంటారు. కానీ అది బ్యాక్‌గ్రౌండ్‌ని మాత్రమే కాదు, ఐకాన్లు, అక్షరాలతో సహా మొత్తం ప్యానెల్‌నే మసకబారుస్తుంది. నా సిస్టమ్ తెలుగులో ఉంటుంది, గడియారం పక్కన వారం పేరు కూడా పెట్టుకున్నాను. తెల్ల మబ్బుల వాల్‌పేపర్ మీద శుక్రవారంలోని కొమ్మూ క్రావడీ మబ్బులో కలిసిపోయి, కళ్లు చికిలించుకుని చదవాల్సి వచ్చేది. మన లిపిలో అక్షరానికి పైనా కిందా ఉండే ఈ చిన్న గుర్తులే ముందు మాయమవుతాయి.

అందుకే ఆ రెండు స్లయిడర్లనూ 100 దగ్గరే వదిలేయండి. అదే ట్యాబ్‌లో బ్యాక్‌గ్రౌండ్ స్టైల్‌ని సాలిడ్ కలర్‌కి మార్చి, పక్కనున్న రంగు బటన్ నొక్కండి. రంగుల గళ్లు వస్తాయి. అక్కడ ఆగిపోకుండా కస్టమ్ కింద ఉన్న ప్లస్ గుర్తు నొక్కితే పెద్ద రంగుల చదరం, దాని కింద అడ్డంగా ఒక స్లయిడర్ వస్తాయి, మనకు కావలసింది ఆ అడ్డ స్లయిడరే. దాన్ని ఎడమవైపు లాగే కొద్దీ బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే పలచబడుతుంది, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. పూర్తిగా సున్నాకి తీసుకెళ్లకుండా నలుపు రంగుని సగానికి కాస్త తక్కువలో ఉంచితే ఏ వాల్‌పేపర్ మీదైనా బాగుంటుందని నా అనుభవం.

ఇంత చేశాక కూడా ప్యానెల్ అంచున సన్నటి నల్ల నీడ మిగిలిపోతే, మళ్లీ కంపోజిటర్ ట్యాబ్‌కే వెళ్లి షో షాడోస్ అండర్ డాక్ విండోస్ దగ్గర టిక్ తీసేయండి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియక థీమ్‌లు మార్చుకుంటూ కూర్చుంటారు పాపం, థీమ్‌కి దానితో సంబంధమే లేదు.

అక్షరాల రంగు థీమ్‌ని బట్టి వస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.16 వెర్షన్ నుంచి అప్పియరెన్స్ ట్యాబ్‌లోనే డార్క్ మోడ్ ఉంది, వాల్‌పేపర్ పైభాగం లేత రంగులో ఉండి తెల్ల అక్షరాలు ఆనకపోతే దాన్ని ఆఫ్ చేసి చూడండి.

విండోని మ్యాగ్జిమైజ్ చేసినా ప్యానెల్ వెనక వాల్‌పేపరే కనబడుతుంది, ఎందుకంటే ఆ చోటు ప్యానెల్‌కే కేటాయించి ఉంటుంది. విండో కూడా ప్యానెల్ వెనక్కి రావాలంటే డిస్‌ప్లే ట్యాబ్‌లో డోన్ట్ రిజర్వ్ స్పేస్ ఆన్ బోర్డర్స్ ఉంది. అయితే ప్యానెల్‌ని స్క్రీన్ పైభాగాన పెట్టుకున్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది, విండో మూసే బటన్ ప్యానెల్ వెనక్కి వెళ్లిపోయి క్లిక్ చేయడానికి అందదు.