జపాన్‌లో సరదాకీ ఓ టైముంది: కొత్తగా వచ్చినవాళ్లకు

ఉద్యోగం మీదో చదువు మీదో జపాన్ వచ్చి అడ్రస్ రిజిస్టర్ చేసుకోవడానికి వార్డు ఆఫీసుకి వెళితే, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో రాసిన కాగితం చేతిలో పెడతారు. ఏ రోజు ఏ సరదా అన్నది మాత్రం ఎవరూ రాసివ్వరు. నిజానికి దానికీ ఇక్కడ ఒక టైంటేబుల్ ఉంది. టీవీ, సినిమా, ఆట, పాట, బొమ్మ ఏదైనా సరే, దానికో నెల, ఓ గంట, ఓ పద్ధతి. అవి తెలిస్తే వచ్చీరాని భాషతోనే ఎక్కడికైనా దూరిపోవచ్చు. యానిమే (జపాన్ కార్టూన్ల) పిచ్చి ఉన్నవాళ్లకి ఇందులో సగం తెలిసే ఉంటుంది. ఆ పిచ్చేమీ లేకుండా, అసలు వీళ్లు ఏం చూస్తారు, దేనికి నవ్వుతారు అని ఊరికే ఆరా తీసేవాళ్ల కోసం ఇది.

మొదటి వారంలోనే మీకు ఒక పాట వినిపిస్తుంది. సాయంత్రం ఐదు కాగానే (చలికాలంలో కొన్ని ఊళ్లలో ఇంకా ముందే) వీధిలో స్తంభం మీది లౌడ్‌స్పీకర్లు ఉన్నట్టుండి మోగుతాయి. చాలాచోట్ల అది 'యూయాకె కోయాకె' అనే పాతకాలం పిల్లల పాట. టెన్షన్ పడకండి. భూకంపం, వరదలాంటివి వస్తే జనాన్ని హెచ్చరించే స్పీకర్లు అవి. పనిచేస్తున్నాయో లేదో రోజూ ఇలా చూసుకుంటారు. పార్కులో ఆడుకునే పిల్లలకు మాత్రం అది ఇంటికి పొమ్మనే గంట.

రైల్వే స్టేషన్లలోనూ అంతే, రైలు తలుపులు మూసే ముందు ఓ పాట ముక్క వస్తుంది. టోక్యో యమనోటె లైన్‌లోని తకదనోబాబా స్టేషన్‌లో 2003లో ఆస్ట్రో బాయ్ అనే కార్టూన్ పాట పెట్టారు. కథ ప్రకారం ఆ బుల్లి రోబో పుట్టింది 2003 ఏప్రిల్ 7న, అదే పేటలో. కల్పిత పాత్ర పుట్టినరోజుకి స్టేషన్‌లో పాట మార్చిన దేశం ఇది. టోక్యో పోలీసులకి కూడా 'పీపో-కున్' అనే బొమ్మ ఉంది, కుమమోతొ జిల్లాకి 'కుమమోన్' అనే నల్ల ఎలుగుబంటి ఉంది. ఆ ఎలుగుబంటికి జిల్లా ప్రభుత్వంలో సేల్స్ మేనేజర్ హోదా కూడా ఇచ్చారు. వీటిని చూసి నవ్వొచ్చు, తప్పేం లేదు, వాళ్లూ నవ్వుతారు. కానీ "ప్రభుత్వ ఆఫీసులో ఇదేంటి?" అని మాత్రం అడక్కండి. మీరు దేనికి ఆశ్చర్యపోతున్నారో ఎదుటివాళ్లకి అర్థం కాదు.

ఇక ఆదివారం సాయంత్రం ఆరున్నర. ఆ టైముకి ఎవరింటికైనా వెళ్లే అవకాశం వస్తే వదులుకోకండి. ఫుజి టీవీలో 'సజాయె-సాన్' వస్తుంది. హసెగవ మచికొ అనే ఆవిడ 1946లో పేపర్లో మొదలుపెట్టిన కార్టూన్ అది. 1969 అక్టోబరు నుంచి టీవీలో వస్తూనే ఉంది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాలంగా నడుస్తున్న టీవీ కార్టూన్‌గా గిన్నిస్‌లోకి ఎక్కింది. కథంటూ పెద్దగా ఏమీ ఉండదు. అమ్మానాన్నలు, పెళ్లయిన కూతురు, అల్లుడు, మనవడు, ఇంకా బడికి వెళ్లే కొడుకు, చిన్న కూతురు, ఓ పిల్లి, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. అబ్బాయి పరీక్ష పేపర్ దాచేస్తాడు, తండ్రి తిడతాడు, భోజనానికి కూర్చుంటారు. యాభై ఏళ్లు దాటినా ఎవరికీ ఒక్క ఏడూ పెరగలేదు. ఎపిసోడ్ చివర్లో సజాయె రాయి, కత్తెర, కాగితం ఆట ఆడుతుంది. ఇంట్లోవాళ్లు టీవీకి ఎదురుగా చెయ్యి చాపి ఆడతారు. కంపెనీలో గంభీరంగా ఉండే యాభై ఏళ్ల పెద్దమనిషి సోఫాలో కూర్చుని కార్టూన్ చేతిలో ఓడిపోయి "అయ్యో" అనడం చూడాలి. చివర్లో వచ్చే పాట వినగానే రేపు సోమవారం అని గుర్తొచ్చి చాలామందికి నీరసం ముంచుకొస్తుంది. దానికి 'సజాయె-సాన్ సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. సోమవారం ఉదయం లిఫ్ట్‌లో ఈ మాట ఎత్తి చూడండి. వాతావరణం గురించి మాట్లాడటం కంటే బాగా పనిచేస్తుంది.

భాష నేర్చుకోవడానికి కూడా పెద్దవాళ్ల యానిమే కంటే ఇదే నయం అని నా అభిప్రాయం. పోరాట కథల్లో హీరోలు మాట్లాడే తీరులో మీరు మేనేజర్‌తో మాట్లాడితే గదంతా నిశ్శబ్దం అయిపోతుంది. సజాయె ఇంట్లో పెద్దవాళ్లతో ఒకలా, పక్కింటివాళ్లతో ఒకలా మాట్లాడే తేడా చక్కగా వినిపిస్తుంది. కామెడీ షోలు కూడా పనికొస్తాయి. మనిషి అన్న మాటే రంగురంగుల అక్షరాల్లో తెర మీద పడుతుంది. మూలన చిన్న చదరంలో ఓ సెలబ్రిటీ ముఖం కనిపిస్తూ ఉంటుంది. ఎక్కడ ఆశ్చర్యపోవాలో, ఎక్కడ నవ్వాలో ఆ ముఖమే చెప్పేస్తుంది.

టీవీ పట్టికలో 25:30 అని చూస్తే అది అచ్చుతప్పు కాదు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర అని అర్థం. శుక్రవారం 25:30 అంటే మన లెక్కలో శనివారం. కొత్త యానిమేలు ఎక్కువగా ఈ వేళల్లోనే వస్తాయి. కొన్ని బార్లు, కరావొకేలు తమ బోర్డుల మీద మూసే టైం కూడా ఇలాగే రాస్తాయి. ఇంకో మాట, ఇంట్లో టీవీ ఉంటే పబ్లిక్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో ఒప్పందం చేసుకుని ఫీజు కట్టాలని చట్టం ఉంది. ఎన్‌హెచ్‌కే చూడను అంటే కుదరదు. కాబట్టి పాత టీవీ ఎవరైనా ఊరికే ఇస్తానంటే ఆ ఖర్చు కూడా లెక్కేసుకుని తీసుకోండి.

సినిమా సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువ కంగారుపడేది అక్కడే. పెద్ద హాళ్లలో మామూలు టికెట్ 2,000 యెన్లు, అటూఇటూగా. చాలాచోట్ల నెల మొదటి తారీఖున తగ్గిస్తారు, ఆ రోజుకి పెట్టుకోండి. లోపల ఈల లేదు, కేక లేదు, పక్కవాడితో మాట లేదు. సినిమా అయిపోయి పేర్లు పడుతున్నా జనం కదలరు. లైట్లు వెలిగాకే లేస్తారు. మధ్యలో లేచి వెళ్లొద్దని రూలేమీ లేదు కానీ, మీ వరసలో మీరొక్కరే వంగి నడవాల్సి వస్తుంది. పాప్‌కార్న్ ట్రే కూడా మీరే బయటికి తెచ్చి, తలుపు దగ్గర సిబ్బంది చూపించిన చోట పెట్టాలి. బయటికొచ్చాక షాపులో ఆ సినిమా పుస్తకం అమ్ముతారు, ఫోటోలు, ఇంటర్వ్యూలతో. సినిమా నచ్చితే కొనుక్కోవడం వాళ్లకి అలవాటు.

తెలుగు సినిమా ఆడుతుంటే మాత్రం వేరే అనుభవం. మాట తెలుగే, కింద జపనీస్ అక్షరాలు. డైలాగ్ సగంలో ఉండగానే వాళ్లు చదివేసి నవ్వేస్తారు, మీరు విని నవ్వేసరికి హాలు మళ్లీ నిశ్శబ్దం. ఈలలు లేకుండా చూడలేను అనేవాళ్లకి ఒక దారి ఉంది: మసాలా షోలు. అమగసకిలోని త్సుకగుచి సన్‌సన్ థియేటర్ వీటికి పేరుమోసింది. ప్రత్యేకంగా ప్రకటించిన ఆ షోలలో అరవచ్చు, గంటలు మోగించవచ్చు, కాగితం ముక్కలు చల్లవచ్చు. అంటే అల్లరికి కూడా టికెట్ మీద తేదీ వేసి ఇస్తారన్నమాట.

ఆర్ఆర్ఆర్ ఇక్కడ 2022 అక్టోబరు 21న విడుదలైంది. 2024 జనవరిలో తకరజుక నాటక బృందం దాన్ని సంగీత నాటకంగా వేసింది. 1914 నుంచి ప్రదర్శనలిస్తున్న ఆ బృందంలో అందరూ ఆడవాళ్లే. అంటే భీమ్, రామ్ ఇద్దరూ ఆడవాళ్లే, మీసాలూ కండలూ అన్నీ నటనే. మీరు తెలుగువాళ్లని తెలిస్తే ఆఫీసులో ఎవరో ఒకరు 'నాటు నాటు' స్టెప్పు అడిగే అవకాశం ఉంది. రాకపోతే నేర్చుకుని ఉంచుకోండి. విజిటింగ్ కార్డు కంటే ఎక్కువ గుర్తుంటుంది.

తరవాత టికెట్ల గోల. ఇక్కడ చాలా వాటికి "వెళ్లి కొనుక్కుందాం" అంటే కుదరదు. టోక్యో శివారు మితకలో ఉన్న జిబ్లి (పేరున్న యానిమే స్టూడియో) మ్యూజియంకి తలుపు దగ్గర టికెట్ ఇవ్వరు. ప్రతి నెలా 10వ తారీఖు ఉదయం పదింటికి వచ్చే నెల టికెట్లు ఆన్‌లైన్‌లో పెడతారు. సెలవు రోజులవి చూస్తుండగానే అయిపోతాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు. పెద్ద గాయకుల కచేరీలకైతే లాటరీయే. అప్లై చేసి, పేరు వస్తే కన్వీనియెన్స్ స్టోర్‌లో డబ్బు కట్టి, కొన్నిసార్లు టికెట్ కూడా అక్కడి మెషీన్‌లోనే ప్రింట్ తీసుకోవాలి. చాలా సైట్లకి జపాన్ ఫోన్ నంబరు కావాలి. బ్లాకులో కొనే ఆలోచన పెట్టుకోకండి, 2019 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది, గేటు దగ్గర ఐడీ అడుగుతారు.

ఇక్కడే మన పేర్లతో చిక్కు. ఇంటిపేరు ముందు, అసలు పేరు రెండు మూడు ముక్కలు. ఫారంలో విదేశీ పేర్లకి వాడే కతకన లిపిలో రాయమంటారు. బ్యాంకులో ఒకలా, ఫోన్ కంపెనీలో ఒకలా, టికెట్ సైట్‌లో ఇంకోలా రాసుకుంటే అన్నీ వేర్వేరు మనుషులవుతాయి. మొదటి నెలలోనే ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని ఫోన్‌లో నోట్‌గా పెట్టుకోండి. టికెట్ మీద పేరు రెసిడెన్స్ కార్డు మీద ఉన్నట్టే ఉండేలా చూసుకోండి.

అప్పటికప్పుడు అనుకుని వెళ్లగలిగేవి కూడా లేకపోలేదు. నాణెం వేసి తిప్పితే బంతిలో బొమ్మ పడే గాచా మెషీన్లు వీధివీధినా ఉంటాయి. ఏది వస్తుందో చెప్పలేం. బుల్లి కుర్చీ రావచ్చు, పిల్లి తలకి పెట్టే టోపీ రావచ్చు. 100 యెన్ల నాణేలు దగ్గరుంచుకోండి, ఖాళీ డబ్బా పక్కనున్న బుట్టలో వేసేయండి. క్రేన్ ఆటలో బొమ్మ మూలన ఇరుక్కుపోతే సిబ్బందిని పిలవండి, తీసి అందేచోట పెడతారు. అలా అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు. జూదం లాంటి పచింకో ఆట హాళ్ల జోలికి మాత్రం పోకండి. ఆ చప్పుడు, ఆ లైట్లు బయటినుంచి చూస్తే చాలు.

కరావొకేకి ఒంటరిగా వెళ్లేవాళ్లు బోలెడు మంది, ఎవరూ వింతగా చూడరు. గదికి అరగంటల లెక్కన డబ్బు, మనిషికో డ్రింక్ తప్పనిసరి అనేవి ఎక్కువ. పగలు, అదీ మామూలు రోజుల్లో, చవక. టైం అయిపోవడానికి పది నిమిషాల ముందు గదిలో ఫోన్ మోగుతుంది. "ఇంకాసేపు ఉంటారా?" అని అడుగుతారు, వద్దంటే వెంటనే సర్దుకోవాలి. 1971లో కోబెలో తొలి యంత్రాల్లో ఒకటి తయారుచేసిన ఇనోయె దైసుకె దానికి పేటెంట్ తీసుకోలేదు. 2004లో ఆయనకి నవ్వులాటగా ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఒకరినొకరు సహించుకోవడం జనానికి కొత్తగా నేర్పినందుకట.

మాంగా (జపాన్ కామిక్స్) కోసం అందరూ టోక్యోలోని అకిహబర అంటారు. జనం తక్కువ, పాత సరుకు ఎక్కువ కావాలంటే అక్కడే ఉన్న నకనొ బ్రాడ్‌వే అనే షాపింగ్ సెంటర్ మేలు. క్యోటోలో ఉంటే పాత ప్రైమరీ స్కూల్లో 2006లో పెట్టిన మాంగా మ్యూజియం ఉంది. అరల్లోంచి పుస్తకం తీసుకుని గడ్డి మీద పడుకుని చదువుకోవచ్చు. కాస్‌ప్లే (కార్టూన్ పాత్రల వేషం) వేసినవాళ్లని ఫోటో తీయాలంటే ముందు అడగండి. యానిమేలో చూపించిన చోట్లకి వెళితే అది ఎవరిదో వీధి అని గుర్తుపెట్టుకోండి. కమకుర దగ్గరి రైల్వే క్రాసింగ్‌లో ఫోటోల కోసం రోడ్డు మీద నిలబడేవాళ్లతో అక్కడివాళ్లు విసిగిపోయి ఉన్నారు.

ఆగస్టు వచ్చిందంటే హైస్కూల్ బేస్‌బాల్. 1915లో మొదలైన పోటీ, 1924లో కట్టిన కోషియెన్ స్టేడియంలో జరుగుతుంది. జిల్లాకో జట్టు, టోక్యో, హొక్కయిదోలకి మాత్రం రెండేసి, మొత్తం 49. ఓడిన పిల్లలు ఏడుస్తూ మైదానం మట్టి సంచిలో ఎత్తుకెళతారు, మధ్యాహ్నం హోటల్లో తింటున్నవాళ్లు చాప్‌స్టిక్స్ ఆపి చూస్తారు. ఆట రూల్స్ తెలియకపోయినా పర్వాలేదు. పక్క సీటులో ఉన్నాయన్ని "మీ జిల్లా జట్టు ఏమైంది?" అని అడగండి చాలు, ఏడాదంతా మీతో ముభావంగా ఉన్న మనిషి కూడా నోరు విప్పుతాడు. ఓసాకా వైపు ఉంటే అక్కడి ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు హాన్షిన్ టైగర్స్ గురించి జోకులు జాగ్రత్త. 1985లో గెలిచిన ఊపులో అభిమానులు కేఎఫ్‌సీ తాత విగ్రహాన్ని దోతొంబొరి కాలవలో పడేశారు, అది 2009లో దొరికింది. జట్టు మళ్లీ జపాన్ సిరీస్ గెలిచింది 2023లో. తాత శాపం వల్లే అన్నేళ్లు పట్టిందని నమ్మేవాళ్లు ఉన్నారు.

అదే వేసవి సెలవుల్లో ఉదయం ఆరున్నరకి పార్కుల్లో రేడియో వ్యాయామం జరుగుతుంది. ఎన్‌హెచ్‌కేలో 1928లో మొదలైంది. పిల్లలు మెడలో కార్డు వేసుకుని వస్తారు, చేసినందుకు స్టాంపు వేస్తారు. మీరూ వెనక వరసలో నిలబడి చేతులు ఊపొచ్చు. సాయంత్రాల బొన్ (పితృదేవతల పండగ) డ్యాన్స్ కూడా అంతే, చుట్టూ తిరిగే వలయంలోకి ఎవరైనా వెళ్లొచ్చు. ముందున్న ఆవిడ చేతులు చూస్తూ మూడో చుట్టుకి వచ్చేస్తుంది.

ఏడాది చివర జాగ్రత్త. డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా ప్రభుత్వ ఆఫీసులు, 31 నుంచి బ్యాంకులు మూతే. 31 రాత్రి ఎన్‌హెచ్‌కేలో ఎరుపు, తెలుపు జట్ల పాటల పోటీ, 1951 నుంచి ఉంది. ఎవరు గెలిచారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు, కానీ ఎవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు అన్నది నెల రోజుల చర్చ. జనవరి 2, 3 తారీఖుల్లో టోక్యో ఒతెమచి నుంచి హకొనెకి, మళ్లీ వెనక్కి యూనివర్సిటీ కుర్రాళ్ల రిలే పరుగు. 1920లో మొదలైంది, జట్టుకి పదిమంది, 200 కిలోమీటర్ల పైమాటే. దారి పొడవునా ఎక్కడైనా నిలబడి చూడొచ్చు, టికెట్ లేదు. 2వ తారీఖు ఉదయం ఎనిమిదింటికి బయల్దేరతారు. అరగంట ముందే వెళ్లి చోటు చూసుకోండి, ఫోన్ కెమెరా తెరిచే ఉంచుకోండి. వాళ్ల వేగానికి, మీరు జేబులోంచి ఫోన్ తీసేలోపు మొదటి జట్టు తరవాతి మలుపు తిరిగిపోతుంది.