కోరంగి బురదమేటల్లో పక్షుల కోసం వెళ్లేవారు పాటించవలసిన జాగ్రత్తలు

కార్తీకం ఇంకా రాకముందే కోరంగి వైపు నుంచి వినకూడని కబురు వచ్చింది. మడ అడవి ముగిసి కాకినాడ అఖాతపు బురదమేట మొదలయ్యే చోట, కెమెరాలతో లోపలికి నడిచిన ఇద్దరు కుర్రవాళ్లు తిరిగి రాలేక చిక్కుకుపోగా, వలలు తీయడానికి వెళ్తున్న మత్స్యకారులు చూసి, ఛాతీలోతు నీటిలోంచి వారిని నాటుపడవ ఎక్కించి గట్టుకు చేర్చారట. ప్రాణాలు దక్కాయి, సామాను పోయింది. వారిద్దరికీ ఈత వచ్చు, ఫోన్లు పనిచేస్తూనే ఉన్నాయి, ఆ రోజు తుపాను గాని వరద గాని లేదు. అక్కడ రోజుకు రెండుసార్లు జరిగేదే ఆ సాయంత్రమూ జరిగింది: పోటు వచ్చింది.

వలస పక్షులు దిగే కాలం మొదలవుతోంది కనుక, ఈ ఏడాది కొత్తగా బైనాక్యులర్ పట్టినవారి కోసం ఇది రాస్తున్నాను. టోపీ, మంచినీళ్లు, ముదురు రంగు బట్టలు వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఎక్కువ భాగం ఒకే తప్పు గురించి రాస్తాను. ఈ తీరంలో మనిషిని ముంచగల తప్పు అది.

పోటు వెనుక నుంచి వస్తుంది

గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు మడ అడవిని చీల్చుకుంటూ అఖాతంలో కలిసే ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందులో చెక్క వంతెన మీద నడిచి చూడగలిగింది చాలా కొద్ది భాగం. అసలు పక్షులు, అంటే గ్రేట్ నాట్‌లు, కర్ల్యూలు, ఉల్లంకులు, అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్లు, పాటు తీసి నీరు వెనక్కి వెళ్లినప్పుడు బయటపడే బురదమేట మీదే మేతకు దిగుతాయి. పక్షి దూరంగా ఉంటుంది, నేల గట్టిగానే కనిపిస్తుంది, కాలు కదులుతుంది. తప్పు అక్కడే మొదలవుతుంది.

ఈ మేటలు సాపుగా కనిపించినా సాపుగా ఉండవు. గట్టుకూ మేటకూ మధ్య సన్నని కాలవలు ఉంటాయి. వెళ్లేటప్పుడు వాటిలో మడమ తడిసే నీరు కూడా ఉండదు కనుక, దాటామన్న గుర్తు కూడా మనకు మిగలదు. పోటు తిరిగినప్పుడు నీరు ముందుగా ఎక్కేది ఆ కాలవల్లోకే. మనం నిలబడిన చోటు ఆ కాలవల కంటే ఎత్తుగా ఉంటుంది కనుక మన కాళ్ల కింద నేల పొడిగానే ఉంటుంది, మన చూపు సముద్రం వైపు, పక్షి మీద ఉంటుంది. ఎదుట నీరు కనబడేసరికి వెనుక కాలవ నిండిపోయి ఉంటుంది. ఈ విషయాన్ని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు: పోటు ముందు నుంచి రాదు, వెనుక నుంచి వస్తుంది.

దీనికి తోడు, నీరు ఎక్కే వేగం అన్ని గంటల్లోనూ ఒకేలా ఉండదు. పాటు అడుగంటిన తరువాత పోటు నిండడానికి సుమారు ఆరు గంటలు పడుతుందనుకుంటే, మొదటి గంటలో వచ్చేది మొత్తంలో పన్నెండో వంతు మాత్రమే. రెండో గంటలో ఆరో వంతు వస్తుంది. మూడు, నాలుగు గంటల్లోనే సగం నీరు వచ్చిపడుతుంది. మొదటి గంట చూసి 'మెల్లగానే వస్తోంది కదా' అనుకున్నవారు మూడో గంటలో దొరికిపోతారు. కాకినాడ తీరంలో పెద్ద పోటుకు నీటిమట్టంలో తేడా సుమారు మీటరున్నర మాత్రమే కావడం వల్ల కూడా జనానికి భయం కలగదు. కాని వాలు కిలోమీటరుకు ఒక మీటరే ఉన్న మేట మీద నీరు పది సెంటీమీటర్లు పెరిగితే వంద మీటర్ల నేల మునుగుతుంది. ఎత్తును చూసి కాదు, వాలును చూసి భయపడాలి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ వాటి తరువాతి ఒకటి రెండు రోజుల్లోనూ పోటు పెద్దగా ఉంటుందని తీరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. పట్నం నుంచి వచ్చే మనమే మరిచిపోతాం. వనభోజనాలకు కుటుంబాలతో తరలివచ్చే కార్తీక పౌర్ణమి పెద్ద పోటు రోజు. పక్షులు నిండుగా ఉండే పుష్యమాసంలో స్నానాల కోసం జనం పోటెత్తే చొల్లంగి అమావాస్య కూడా పెద్ద పోటు రోజే. పాటు సమయం రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, గత ఆదివారం వెళ్లినవారు చెప్పిన వేళ ఈ ఆదివారానికి పనికిరాదు. కాకినాడ రేవుకు ముందుగా లెక్కకట్టిన పోటుపాట్ల వేళలు పట్టికలలో దొరుకుతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు హెచ్చరికలు ఇస్తుంది. రెండూ చూసుకోండి. పట్టికలోని వేళ రేవుకు సంబంధించినది, లోపలి పాయల్లో అది కొంత ఆలస్యం కావచ్చు. ఈశాన్యపు గాలి గట్టిగా వీస్తే పట్టికలో రాసినదానికంటే నీరు ఎక్కువగా రావచ్చు. అందువల్ల చివరి మాట పట్టికది కాదు, ఆ పాయలో రోజూ పడవ నడిపే మనిషిది.

ఇంతకీ మేట మీదికి నడవడం వల్ల పక్షి ప్రేమికుడికి కలిగే లాభమేమీ లేదు. పాటు వేళ పక్షులు కిలోమీటర్ల మేర చెదిరి ఉంటాయి. మనం వంద అడుగులు వేస్తే అవి రెండు వందల అడుగులు దూరం జరుగుతాయి. పోటు ఎక్కేకొద్దీ మేత నేల తగ్గిపోయి, అవే గుంపులు గుంపులుగా గట్టు వైపు వస్తాయి. పోటు సగం నిండే వేళకు గట్టున, ఎండ వీపుకు తగిలేలా కదలకుండా కూర్చున్నవారికి పక్షి దానంతటదే దగ్గరకు వస్తుంది. కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర ఒడ్డు దాటకుండానే అరుదైన పక్షులను చూసి వెళ్లేవారు దీనికి సాక్ష్యం. అనుభవం ఉన్నవారు ఆగి చూస్తారు, లేనివారు వెంటపడతారు.

అనుమతి ఉండి, తోడు ఉండి, పక్షుల గణన వంటి పని మీద మేట మీదికి దిగవలసి వస్తే నియమం ఒక్కటే: పాటు ఇంకా తీస్తూ ఉండగానే దిగాలి, పాటు అడుగంటిన వేళకు వెనక్కి తిరిగి ఉండాలి. నీరు కనబడినప్పుడు కాదు, గడియారం చూసి తిరగాలి.

కాలాన్ని బట్టి

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద కాలం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వినగానే కోరంగి ప్రయాణం మానుకోవాలి, రెండోదాని కోసం ఎదురుచూడకూడదు. వరదనీరు దిగువకు వస్తున్నప్పుడు పెద్ద పోటు ఎదురైతే పాయల్లో నీరు పాటు వేళకు కూడా దిగదు, కాబట్టి పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పడవ మునిగిన సంగతి ఈ జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. పడవ ఎక్కక ముందే లైఫ్ జాకెట్ తొడుక్కుని, పట్టీలు బిగించుకోవాలి. సీటు కింద పెట్టుకున్న జాకెట్ ఉన్నా లేనట్టే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పక్షులూ వస్తాయి, తుపానులూ వస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుపాను సరిగ్గా పక్షుల కోసం జనం బయలుదేరే ఈ రోజుల్లోనే వచ్చింది. కాకినాడ ఓడరేవులో ఏ నంబరు హెచ్చరిక ఎగురవేసినా, ఒకటో నంబరైనా సరే, మేటలు వద్దు, పడవ వద్దు. తుపాను ఇంకా దూరాన ఉండగానే ఇక్కడ అలలు పెరుగుతాయి.

జనవరి, ఫిబ్రవరిల్లో నీటిపక్షుల గణన జరుగుతుంది. చూడటానికి ఇదే మంచి కాలం, ఏమరుపాటుకూ ఇదే కాలం. తెల్లవారుజామున పొగమంచు కమ్మితే మేట మీద దిక్కు తెలియదు. గట్టు అనుకొని సముద్రం వైపు నడిచేవారు ఉంటారు. మంచు విడేదాకా గట్టు మీదే ఉండాలి. అసలు మంచులో దిగకూడదు. హోప్ ఐలాండ్ ఇసుకతిన్నెల మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేది కూడా ఈ నెలల్లోనే కనుక, రాత్రిపూట అక్కడ టార్చిలైటు వేయరాదు.

వేసవిని తేలికగా తీసుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. నీటిమీద పడవలు పలచబడతాయి కాబట్టి ఫొటోలకు అనువుగా ఉంటుందని కొందరు సంబరపడతారు. పడవలు లేవంటే మనల్ని చూసేవారు లేరని అర్థం. మొదట చెప్పిన ఇద్దరూ ఈ రోజుల్లో చిక్కుకొని ఉంటే ఎవరి కంటా పడేవారు కాదేమో. సాయంత్రపు ఉరుములు మొదలైతే ఆ విశాలమైన బయలులో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మనిషీ, అతని పక్కనున్న ట్రైపాడూ మాత్రమే. ఉరుము వినబడిన వెంటనే వెనక్కి రావాలి.

ఇక మిగిలినవి

- ఒంటరిగా మేట దిగవద్దు. ఇద్దరు దిగితే మూడోవాడు గట్టున ఉండాలి. అతని చేతిలో కెమెరా ఉండకూడదు, వాచీ ఉండాలి.
- దాటిన ప్రతి కాలవ దగ్గర ఒక కర్ర పాతండి. తిరిగి వచ్చేటప్పుడు కర్ర దగ్గర నీరు ఎంత ఎక్కిందో కనబడుతుంది.
- బురదలో కాలు దిగబడితే పైకి లాగవద్దు. ఒక కాలిని లాగిన బరువుకు రెండోది ఇంకా లోతుకు పోతుంది. వెనక్కి వాలి కూర్చుని, సంచిని పరచి దాని మీద బరువు పెట్టి, పాదాన్ని అటూ ఇటూ కదిలిస్తూ మెల్లగా తీయాలి.
- మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు ఊబిలో కాలిని పట్టి ఉంచుతాయి. కాలికి బిగువుగా కట్టుకునే పాత బూట్లు మేలు.
- చెప్పులు లేకుండా దిగవద్దు. మడచెట్ల శ్వాసవేళ్లు, ఆల్చిప్పల అంచులు పాదాన్ని చీరేస్తాయి. ఉప్పు బురదలో అయిన గాయాన్ని చిన్నదని వదిలేయవద్దు.
- తిల్ల చెట్టు కొమ్మ విరవవద్దు. దాని పాలు చర్మం మీద పడితే బొబ్బలు, కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోవడం దాకా ఉంటుంది. పడితే రుద్దవద్దు, మంచినీటితో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.
- పాము కాటుకు కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, నాటుమందుకు ఆగవద్దు. 108కి ఫోను చేసి, కాలు కదలకుండా ఉంచి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి చేర్చండి. కాటు ఉప్పునీటిలో పడిందా, గట్టు మీద పడిందా అన్నది వైద్యులకు తప్పక చెప్పండి. మన దగ్గర ఉన్న విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజరలకు తయారైనది, సముద్రపు పాములకు కాదు.
- చచ్చిన పక్షిని ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒకేచోట పక్షులు ఎక్కువగా చచ్చి కనబడితే అటవీశాఖకు చెప్పండి, ఫొటో కోసం దగ్గరికి వెళ్లవద్దు.
- గూళ్ల దగ్గరికి వెళ్లవద్దు. వేసవిలో ఇసుక మీద గుడ్లు ఇసుకరంగులోనే ఉంటాయి, తొక్కిన తరువాత గాని కనబడవు.
- పక్షిని లేపి ఎగిరే ఫొటో తీయవద్దు. పోటు వేళ విశ్రాంతి తీసుకునే గుంపును లేపడం అంటే దాని రోజంతటి మేతను ఖర్చు చేయించడమే.
- డ్రోన్ వద్దు. ఇది అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అనుమతి అడగండి.
- బావురుపిల్లి, నీటికుక్క అడుగుజాడలు కనబడితే వాటి వెంట మడల్లోకి దూరవద్దు.
- పడవవాడు 'ఇక చాలు సార్, తిరుగుదాం' అంటే వాదించవద్దు. ఇంకో అరగంటకు డబ్బు ఎక్కువిస్తామనవద్దు. ఆ డబ్బుకు ఒప్పుకునే పడవ ఎక్కవద్దు.
- ఫోన్ మీద ఆధారపడవద్దు. మడల్లో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. మెడలో ఈల వేసుకోండి.
- నీరు మోకాలి దాకా వచ్చి, వెనుక కాలవ లోతు తెలియకపోతే దాటవద్దు. మేటలో అన్నిటికంటే ఎత్తయిన చోట నిలబడి ఈల వేయండి, రంగు గుడ్డ ఊపండి. లైఫ్ జాకెట్ ఉంటే తొడుక్కోండి. కెమెరా సంచి వదిలేయండి.
- సంచి కోసం వెనక్కి వెళ్లవద్దు.
- వెనుక ఉన్న కాలవను ప్రతి పది నిమిషాలకు ఒకసారి తిరిగి చూడండి. స్కిమ్మర్ ఎదురుగా ఉన్నా సరే తిరిగి చూడండి.
- ఎన్ని గంటలకు దిగుతున్నారో, ఎన్ని గంటలకు గట్టెక్కుతారో దిగే ముందే ఊళ్లో ఒకరికి చెప్పండి. గట్టెక్కగానే ఆ మనిషికే మొదట ఫోన్ చేయండి. చేయకపోతే వేటకు పోవలసిన పడవలు మిమ్మల్ని వెతకడానికి పోతాయి.