పెద్ద హాలు బోసిగా ఉందా? ఇంకో సోఫా కొనేముందు ఒకసారి చప్పట్లు కొట్టండి

"హాలు పెద్దదేనండీ, కానీ అందులో కూర్చోబుద్ధి కాదు. చివరికి అందరం బెడ్రూమ్‌లోనే చేరతాం." ఈ ఫిర్యాదుతో ఎవరు పిలిచినా నేను అడిగేది ఒకటే: హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశారా? ఇంతవరకు ఒక్కరూ చూశామనలేదు. ఈలోపే ఇంకో సోఫా, ఇంకో షోకేసు, ఒక గోడకు వాల్‌పేపరు వచ్చేసి ఉంటాయి. హాలు మాత్రం ఫంక్షన్ హాలులాగే ఉంటుంది.

నేను చెబుతున్నది మనకు తెలిసిన హాలు గురించే. సుమారు 16 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు, కింద విట్రిఫైడ్ టైల్స్, పైన పీఓపీ సీలింగ్, ఒక పక్క పెద్ద గాజు తలుపు. ముందు సులువైనవి చూసేద్దాం.

లక్షణం: ఎదుటి సోఫాలో ఉన్నవాళ్లతో గొంతు పెంచి మాట్లాడాలి. కాఫీ కప్పు పెట్టాలంటే లేచి టీపాయ్ దాకా వెళ్లాలి.

కారణం: సోఫాలన్నీ గోడలకు అంటించి పెట్టారు. మధ్యలో ఖాళీ ఎందుకంటే పేరంటానికి చాపలు వేయాలంటారు. ఏడాదికి రెండు పేరంటాలు, మిగతా 363 రోజులు మాత్రం రైల్వే వెయిటింగ్ రూమ్.

ఏం చేయాలి: టేపు తీసుకోండి. ఎదురెదురు సీట్ల మధ్య దూరం 8 అడుగులు దాటకూడదు. సోఫాలను లోపలికి జరిపి, వెనక నడవడానికి 3 అడుగులు వదలండి. మిగిలిన చోట ఉయ్యాల బల్ల వేసుకోండి, లేదా పిల్లల చదువు బల్ల. బ్రహ్మస్థానంలో బరువు ఉండకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే అక్కడ తివాచీ ఒక్కటి పరవండి, దాని బరువెంత?

లక్షణం: పగలు బాగానే ఉంటుంది. రాత్రి లైటు వేయగానే మందుల షాపులా అయిపోతుంది.

కారణం: 6500 కెల్విన్ తెల్ల లైట్లు. కెల్విన్ అంటే లైటు రంగుకు కొలత. బల్బు డబ్బా మీద అంకె ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

ఏం చేయాలి: 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్నవి, అంటే వార్మ్ వైట్ తెచ్చుకోండి. అన్నీ సీలింగ్‌లోనే పెట్టకుండా, కూర్చున్నప్పుడు కళ్లకు సమానమైన ఎత్తులో మూలకొకటి చొప్పున రెండు మూడు దీపాలు పెట్టండి. తెల్ల లైటు పీకేయొద్దు, దానికి వేరే స్విచ్ ఉంచండి. పోయిన చెవిపోగు వెతకడానికి అదే కావాలి.

లక్షణం: ఇవన్నీ చేశాం. అయినా ఏదో వెలితి. ఏమిటో చెప్పలేకపోతున్నాం.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ఇంట్లో లైట్లు మార్చాను, సోఫాలు జరిపాను, గోడకు ముదురు రంగు వేయించాను. ఫోటోల్లో అదిరిపోయింది. నెల తిరిగాక చూస్తే హాలు మళ్లీ ఖాళీ. ఆ ఇంటి మామ్మగారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఎన్ని పెట్టినా నూతిలో మాట్లాడినట్టుంది నాయనా." నేను నెల రోజులు కళ్లతోనే వెతికాను. తప్పు చెవి దగ్గర ఉంది.

కారణం: గది మోగుతోంది. టైలు, గాజు, పుట్టీ పెట్టిన గోడ తమ మీద పడ్డ మాటలో నూటికి నాలుగైదు వంతులు కూడా మింగవు, మిగతాదంతా వెనక్కి కొడతాయి. టీవీ మాట ముద్దగా వినబడుతుంది, సౌండు పెంచుతారు, ఇంకా మోగుతుంది. అరగంటకు తల బరువెక్కుతుంది, లేచి బెడ్రూమ్‌కు వెళతారు. అక్కడ పరుపు, దిండ్లు, దుప్పట్లు శబ్దాన్ని పీల్చేస్తాయి కాబట్టి హాయిగా ఉంటుంది. గృహప్రవేశం రోజు ఇది ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇంటినిండా ఉన్న చుట్టాలే పరుపుల పని చేస్తారు.

కొత్త సంగతేం కాదు. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావడం లేదని బాగుచేసే పని సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగిస్తే, ఆయన పక్క థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించి, ఎన్ని వేస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. శబ్దాన్ని మింగడంలో తెరిచిన కిటికీని ఆయన కొలమానంగా పెట్టుకున్నాడు, బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. మండువా లోగిలి అంత పెద్దదైనా నూతిలా ఎందుకు ఉండేది కాదో దీన్నిబట్టి ఊహించవచ్చు. నడుమ ఆకాశమంత కిటికీ!

పరీక్ష: ముందు బెడ్రూమ్‌లో చప్పట్లు కొట్టండి, తర్వాత హాల్లో. హాల్లో "టర్ర్"మని శబ్దం తోకలా సాగి వినబడితే జబ్బు ఇదే. డబ్బు పెట్టకముందే ఒక సాయంత్రం రెండు పరుపులు తెచ్చి గోడకు ఆనించి, నేల మీద బొంతలు పరిచి కూర్చోండి. తేడా మీకే తెలుస్తుంది.

ఏం చేయాలి: ఎదురెదురు గోడల జతలు రెండు, నేల-సీలింగ్ జత ఒకటి. మూడు జతల్లోనూ కనీసం ఒక్కో వైపు మెత్తన చేయాలి. నేలకు 8×10 అడుగుల తివాచీ, సోఫా ముందు కాళ్లు దాని మీదకు రావాలి. మధ్యలో తువ్వాలంత ముక్క వేస్తే పనికిరాదు. దుమ్ము భయం ఉంటే ఉతుక్కోగలిగే వరంగల్ జంపఖానా వేసి, దాని కింద ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) పరవండి. గాజు తలుపుకు మందపాటి కర్టెను, వెడల్పుకు రెండింతలు గుడ్డ, కుచ్చిళ్లు పడేలా, పైనుంచి నేల దాకా. పల్చటి నెట్ కర్టెన్‌తో ఒరిగేదేమీ లేదు. మిగిలిన గోడల జతలో ఒకవైపు పుస్తకాల అల్మరా, లేదా గోడకు రెండు అంగుళాలు ఎడంగా వేలాడే మందపాటి గుడ్డ. కలంకారీని అద్దం ఫ్రేములో బిగించారా, అది మళ్లీ గాజే. రెగ్జిన్ సోఫా కంటే గుడ్డ సోఫా మేలు. మామూలు జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయిస్తే మోత తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఒక్కొక్కటి చేర్చి మళ్లీ చప్పట్లు కొట్టండి, తోక పోయిన చోట ఆపేయండి.

ఇక అరుదైనవి. గోడ రంగు మరీ తెలుపైతే ఒక్క గోడ మార్చండి, చాలు. ఏసీ గాలి నెత్తిన పడుతుంటే దాని రెక్కలు తిప్పండి. రెండంతస్తుల ఎత్తు హాలైతే లైటును నేలకు 8 అడుగుల ఎత్తు దాకా కిందికి వేలాడదీయండి. అక్కడ ఒక్క తివాచీతో పని జరగదు, పైగోడ మీద కూడా గుడ్డ పడాల్సిందే. దానికి నిచ్చెన సరిపోదు, పరంజా కట్టించుకోండి.