అమెరికా పన్నులు, ఖర్చుల గొడవలో ఏ పార్టీకీ చెందని ఓటరు ఎలా తేల్చుకోవాలి?

పోయిన థాంక్స్‌గివింగ్‌కి టెక్సాస్ నుంచి మా బావ వాళ్లు న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చారు. పప్పన్నం దగ్గర మొదలైన పన్నుల వాదన పెరుగన్నం దాకా వచ్చినా తెగలేదు. డెమోక్రాట్లు మన జీతం లాక్కుని పంచిపెడతారని బావ, రిపబ్లికన్లు కోటీశ్వరులకు పన్ను తగ్గించి ఆ అప్పు మన పిల్లల నెత్తిన పెడతారని మా ఆవిడ. ఇద్దరూ సిటిజన్లే, ఇద్దరూ తమది ఏ పార్టీ కాదనుకునేవాళ్లే, ఎన్నికలు వస్తే రెండు పార్టీలూ వెంటపడేది సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసమే. నాకు బాధేసిందేంటంటే అంతసేపు వాదించుకున్నా ఒక్క లెక్క కూడా ఎవరూ బయటికి తీయలేదు. ఆ తర్వాత నేను కూర్చుని చేసిన పని ఇక్కడ వరసగా రాస్తున్నాను, ఒక సాయంత్రం ఖాళీ చేసుకుంటే ఎవరైనా చేయొచ్చు.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. హెచ్-1బీ, గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాళ్లు పన్ను కడతారు కానీ ఫెడరల్ ఎన్నికల్లో ఓటు ఉండదు. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో ఓటరు నమోదు గడి కనపడితే పొరపాటున కూడా టిక్ పెట్టకండి, రేపు సిటిజన్‌షిప్‌కే ముప్పు.

1. ముందు మీ 1040 (ఏటా ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చే పన్ను రిటర్ను ఫారం) తీయండి

మీ మీద పడే పన్ను ఎంతో తెలియకుండా పార్టీల మాట వింటే రెండూ నిజమే అనిపిస్తాయి. "24 శాతం శ్లాబులోకి వెళ్లాను, జీతంలో నాలుగో వంతు పోయింది" అని చాలామంది అంటుంటారు. అలా పోదు, శ్లాబు దాటిన డబ్బు మీదే ఆ రేటు. 2024 లెక్క తీసుకోండి: భార్యాభర్తలిద్దరిదీ కలిపి లక్షా 50 వేల డాలర్ల ఆదాయం, అందులో స్టాండర్డ్ డిడక్షన్ 29,200 తీసేస్తే 1,20,800 మిగులుతుంది. మొదటి 23,200 మీద 10 శాతం, అక్కణ్నుంచి 94,300 దాకా 12 శాతం, మిగతా దాని మీద 22 శాతం. మొత్తం 16,682 డాలర్లు, అంటే ఆదాయంలో 11 శాతం చిల్లర.

ఇక జీతంలోంచి ముందే కోసేసుకునే సోషల్ సెక్యూరిటీ (ముసలితనంలో వచ్చే పెన్షన్), మెడికేర్ (ముసలివాళ్ల వైద్య బీమా) పన్నులు ఉన్నాయి, రెండూ కలిపి 7.65 శాతం. ఇద్దరి జీతం కలిపి 90 వేలున్న ఇంట్లో, పిల్లలున్నవాళ్లకిచ్చే పన్ను తగ్గింపు లెక్కలోకి తీసుకోకపోతే, ఈ కోత 6,885 డాలర్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ 6,832. దాదాపు సమానం! అయినా పార్టీలు పోట్లాడుకునేది ఎక్కువగా రెండోదాని గురించే. సోషల్ సెక్యూరిటీ పన్ను 2024లో 1,68,600 డాలర్ల జీతం దాకానే పడింది, ఆ పైన ఎంత సంపాదించినా దానికి పడలేదు. ఈ హద్దు ఎత్తేయాలని డెమోక్రాట్లలో చాలామంది అడుగుతుంటారు, అది ఉద్యోగాల మీద పన్ను పెంచడమేనని రిపబ్లికన్లు అడ్డం పడతారు. మీ జీతం ఆ హద్దుకి ఏ పక్కన ఉందో చూసుకుంటే ఈ వాదన మీకు సూటిగా అర్థమవుతుంది.

2. దేశం ఖర్చుని వంద డాలర్ల కింద మార్చుకోండి

లక్షల కోట్లలో చెబితే ఎవరికీ తలకెక్కదు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ ప్రభుత్వం సుమారు 6.8 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది, వసూలు చేసింది 4.9 లక్షల కోట్లు. అంటే వంద ఖర్చు పెడితే 73 వచ్చింది, మిగతా 27 అప్పు. ఆ వందలో సోషల్ సెక్యూరిటీకి 21 పైచిలుకు, మెడికేర్‌కీ, తక్కువ ఆదాయం వాళ్ల వైద్య బీమా మెడికెయిడ్‌కీ కలిపి ఇంకో 22 దాకా, రక్షణకి 13, పాత అప్పుల మీద వడ్డీకే 13. విదేశీ సాయం ఒక డాలరు అటూ ఇటూ. కాబట్టి విదేశాలకిచ్చేది ఆపితే లోటు పూడుతుందనేవాళ్లనీ, రక్షణ ఖర్చు కోస్తే చాలనేవాళ్లనీ, మిగతా డాలర్లు ఎక్కణ్నుంచి తెస్తారో అడగండి. ముసలివాళ్ల పెన్షన్, వైద్యం ముట్టుకోకుండా, పన్ను పెంచకుండా ఆ 27 ఎలా పూడుస్తారో రెండు పార్టీల్లో ఏదీ తేల్చి చెప్పదు. నాకు రెండింటి మీదా ఇదే కోపం.

3. "దేంతో పోలిస్తే?" అని అడగండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. 2017లో తెచ్చిన పన్ను తగ్గింపుల్లో వ్యక్తులకు ఇచ్చినవి చాలావరకు 2025 చివరికి ముగిసిపోయేలా రాశారు. ముఖ్యంగా వాటిని కొనసాగించడానికి 2025 జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద చట్టం వచ్చింది. ఆ తగ్గింపులు రాసినట్టే ముగిసిపోయే పరిస్థితితో పోలిస్తే, దానివల్ల పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు (అమెరికా చట్టసభకి ఏ పార్టీ పక్షమూ లేకుండా లెక్కలు కట్టే ఆఫీసు) లెక్క వేసింది. సెనెట్ (ఎగువ సభ) రిపబ్లికన్లు మాత్రం అప్పుడున్న రేట్లు కొనసాగించడం ఖర్చే కాదు పొమ్మని వేరే లెక్క పెట్టారు, ఆ ప్రకారం అదే చట్టం లోటు తగ్గిస్తున్నట్టు కనపడుతుంది.

మన లెక్కలో చెప్పాలంటే మీరు నెలనెలా కట్టే చిట్టీ డిసెంబరుతో అయిపోతోంది, జనవరిలో ఇంకోటి వేశారు. "ఇప్పటిదాకా కడుతున్నదేగా, కొత్త ఖర్చేముంది" అంటే కాగితం మీద సున్నానే, బ్యాంకులోంచి డబ్బు మాత్రం పోతూనే ఉంటుంది. నా మటుకు నేను బడ్జెట్ ఆఫీసు లెక్కనే నమ్ముతాను.

ఖర్చు వైపు కూడా ఇదే తంతు. మెడికెయిడ్‌ని కోసేశారని ఒకరు, కోయలేదు, ఏటా పెరుగుతూనే ఉంటుందని ఇంకొకరు. ముందు అంచనా కంటే తక్కువ పెరిగితే రెండు మాటలూ నిలబడతాయి. అందుకని డాలర్లు వదిలేసి మనుషుల్ని లెక్కపెట్టండి: ఈ చట్టం వల్ల 2034 నాటికి సుమారు కోటిమంది అదనంగా బీమా లేనివాళ్లవుతారని అదే ఆఫీసు అంచనా.

ఇంకోటి, బిల్లు ఏ దశలో ఉందో కూడా చూడాలి. ఇదే బిల్లులో ఇండియాకి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను అని 2025 మే నెలలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందిగా. ప్రతినిధుల సభ దాటేసరికి అది 3.5 అయింది, చివరికి 1 శాతం దగ్గర ఆగింది, అదీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ లాంటివి ఇచ్చి పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు.

4. సొంత పార్టీని కాదన్నవాళ్లెవరో చూడండి

సెనెట్‌లో మామూలుగా బిల్లు గట్టెక్కాలంటే 60 ఓట్లు కావాలి, బడ్జెట్ బిల్లుకి ఉన్న ప్రత్యేక దారిలో సగం కంటే ఒకటి ఎక్కువుంటే చాలు. అందుకే 2022లో బైడెన్ తెచ్చిన పెద్ద చట్టానికి (ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్) ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు, 2025 చట్టానికి ఒక్క డెమోక్రాట్ ఓటూ పడలేదు, సెనెట్‌లో రెండుసార్లూ 51-50, ఓట్లు సరిసమానమైతే ఉపాధ్యక్షుల ఓటే గట్టెక్కించింది. ఇలాంటప్పుడు ఎదుటి పార్టీ తిట్లు విని తెలుసుకునేదేమీ ఉండదు. సొంత పార్టీలోంచి వద్దన్నవాళ్లు ఏమన్నారో వినండి. 2025లో రిపబ్లికన్ సెనెటర్లలో రాండ్ పాల్ ప్రభుత్వ అప్పు పరిమితి 5 లక్షల కోట్ల డాలర్లు పెంచడం మీద, థామ్ టిల్లిస్ మెడికెయిడ్ మీద అభ్యంతరం చెప్పి వ్యతిరేకంగా ఓటేశారు. 2021 చివర్లో ధరలు, అప్పు పెరుగుతాయని తన పార్టీ పెద్ద బిల్లుకి అడ్డం పడింది అప్పటి డెమోక్రాట్ సెనెటర్ జో మాంచిన్.

ఊరిని బట్టి కూడా పార్టీ గీత చెరిగిపోతుంది. మా న్యూజెర్సీలో ఇంటిపన్ను ఎక్కువ, రాష్ట్రానికి, ఊరికి కట్టే పన్నులకి ఫెడరల్ పన్నులో ఇచ్చే మినహాయింపుని 2017 చట్టం 10 వేల దగ్గర కట్టేయడం మాకు దెబ్బైంది. దాన్ని 40 వేలకి పెంచేదాకా ఇక్కడి, న్యూయార్క్ రిపబ్లికన్ సభ్యులే పట్టుబట్టారు. రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్సే లేని టెక్సాస్‌లో బావకి ఇదంత పట్టకపోవడం సహజమే.

5. "ఇండిపెండెంట్లు అటు మొగ్గారు" అంటే ఆగి చదవండి

గాలప్ సంస్థ 2024 సర్వేల్లో 43 శాతం మంది తాము ఇండిపెండెంట్లమని, అంటే ఏ పార్టీకీ చెందని ఓటర్లమని చెప్పుకున్నారు. ఎటు మొగ్గుతారని ఇంకాస్త అడిగితే చాలామంది ఏదో ఒక పార్టీ పేరు చెబుతారు, నిజంగా ఎటూ కానివాళ్లు పదిమందిలో ఒకరు. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం 2020లో ఇండిపెండెంట్లలో బైడెన్‌కి 13 పాయింట్ల ఆధిక్యం, 2024లో హారిస్‌కి దక్కింది 3 మాత్రమే. అంతమంది మనసు మార్చుకున్నారని వెంటనే అనేయకండి, ఎందుకంటే ఓటేసినవాళ్లలో ఇండిపెండెంట్ల వాటా కూడా 26 నుంచి 34 శాతానికి పెరిగింది. పార్టీ మీద విసిగి బయటికొచ్చినవాళ్లు కొత్తగా ఈ గుంపులో కలిసి ఉండొచ్చు, అప్పుడు గుంపే మారిపోయినట్టు.

6. నమోదు ఎలా ఉందో సరిచూసుకోండి

ఓటరు నమోదులో పార్టీ పేరు రాసే పద్ధతి రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో నమోదులో పార్టీయే ఉండదు, ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రోజున ఏదో ఒక పార్టీని ఎంచుకుంటారు. పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో నమోదులో పార్టీ పేరు లేకపోతే ఏ పార్టీ ప్రైమరీలోనూ ఓటే లేదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త: ఇండిపెండెంట్‌గా ఉండాలనుకుని చాలామంది ఫారంలో అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ దగ్గర టిక్ పెట్టేస్తారు, అది వేరే పార్టీ. అక్కడ మీకు కావాల్సింది ఏ పార్టీ వద్దని చెప్పే గడి, దాన్నే నో పార్టీ ప్రిఫరెన్స్ అంటారు. న్యూజెర్సీలో ఏ పార్టీ లేనివాళ్లు ప్రైమరీ రోజున బూత్‌లోనే పార్టీ చెప్పి ఓటేయొచ్చు, కాకపోతే ఆ రోజు నుంచి ఆ పార్టీ కిందే లెక్క, మళ్లీ బయటికి రావాలంటే ఫారం నింపి పంపాలి. మా ఆవిడ కిందటిసారి ఆ ఫారం పంపలేదు, ఈ వారం పంపిస్తున్నాం.