పెళ్ళిళ్ళ సీజన్‌లో పార్లర్ ఎక్కడ తడబడుతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పెళ్ళిళ్ళ సీజన్‌లో జరిగే తప్పులన్నీ కుర్చీ దగ్గరే బయటపడతాయి. మేకప్ బేస్ పగిలిపోయింది, జుట్టు ఆరలేదు, వ్యాక్స్‌తో పాటు చర్మం లేచింది, పక్కన పెళ్ళికూతురు వాళ్ళమ్మ నిమిషానికోసారి ఫోన్ చూస్తోంది. అప్పుడు పార్లర్ నడిపే మన కోపమంతా పనిచేసే అమ్మాయి మీదకి పోతుంది. కానీ చాలాసార్లు తప్పు ఆ అమ్మాయి చేతిలో ఉండదు. బుకింగ్ పుస్తకంలోనో, ప్లగ్గు వెనకో, గీజర్ లోపలో, పది రోజుల కిందట అడగకుండా వదిలేసిన ప్రశ్నలోనో ఉంటుంది.

వీటిని సరిచేసుకునే టైము పంచాంగమే ఇస్తుంది: ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యమధ్యలో వచ్చే మూఢాలు. 2026లో అయితే వేసవి సీజన్‌ని మధ్యకి కోస్తూ మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడింది. పార్లర్ ఖాళీగా ఉందని ఈగలు తోలుకునే ఆ రోజులే ఈ పనులకి సరైనవి.

"ఇద్దరు పెళ్ళికూతుళ్ళు ఒకే టైముకి వచ్చేశారు" లేదా "ఈరోజు అసలు బుకింగే లేదు, కారు వచ్చి గుమ్మం ముందు నిలబడింది"

దీనికి మొదటి కారణం మన తిథి వార లెక్క. శుభలేఖలో "గురువారం రాత్రి 2.45 గంటలకు, తెల్లవారితే శుక్రవారం" అని ఉంటుంది. మన పద్ధతిలో సూర్యోదయం దాకా గురువారమే. ఫోన్ క్యాలెండర్‌కి మాత్రం అర్ధరాత్రి దాటగానే శుక్రవారం. పెళ్ళివారు ఫోన్‌లో "శుక్రవారం పెళ్ళండీ, తెల్లవారుజామున ముహూర్తం" అంటారు. కౌంటర్‌లో అమ్మాయి శుక్రవారం పేజీ తీసి "రాత్రి" గడిలో రాసేస్తుంది. అసలు మేకప్ మొదలుపెట్టాల్సింది గురువారం రాత్రి పదింటికి.

పరిష్కారం: నోటిమాట మీద తేదీ రాయకండి. శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఇంకా అచ్చు కాకపోతే పురోహితుడు రాసిచ్చిన లగ్నపత్రిక అయినా సరే. పుస్తకంలో "గురు రాత్రి / శుక్ర తెల్లవారుజాము" అని రెండు వారాలూ, రెండు తేదీలూ రాయండి. రాత్రి 12 నుంచి ఉదయం 6 లోపు ముహూర్తాలన్నీ ఎర్ర పెన్నుతో రాస్తే ఇంకా మంచిది.

రెండో కారణం, టైముని ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టడం. మనవాళ్ళ పెళ్ళిలో పెళ్ళికూతురు ముహూర్తానికి తయారైతే చాలదు. అంతకుముందే గౌరీపూజలో కూర్చోవాలి. ఆ టైము శుభలేఖలో ఉండదు, అడిగితేనే చెబుతారు. ముహూర్తం 2.45, గౌరీపూజ 1.15 అనుకోండి. మేకప్, జడ, చీర, నగలు కలిపి మూడు గంటలు. అంటే 10.15కి అమ్మాయి మొహం కడుక్కుని కుర్చీలో ఉండాలి. పూలజడ కుట్టించి తెస్తున్నారా, మనమే అల్లాలా అన్నది కూడా అప్పుడే తేలాలి. సవరం కలిపి, జడగంటలు కట్టి, పూలజడ బరువుకి జారకుండా పిన్నులు దిగేసరికి అరగంట పైనే పోతుంది. ఆ అరగంటని ఎవరూ లెక్కలో వేయరు. ఇంకొకటి: జీలకర్ర బెల్లం అయ్యాక తలంబ్రాలకి చీర మారుస్తారా? మారిస్తే మీ అమ్మాయి అప్పటిదాకా మండపంలో ఉండాలి, దానికి వేరే చార్జీ ఉంటుంది. ఈ మాట అడ్వాన్స్ తీసుకునే రోజే అనుకోవాలి. పెళ్ళిపీటల పక్కన నిలబడి బేరమాడితే ఇద్దరికీ మర్యాదగా ఉండదు.

మూడో కారణానికి మందు లేదు, హద్దు మాత్రమే ఉంది. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆ టైముకే. కుర్చీలు ఐదున్నాయని ఐదు పెళ్ళిళ్ళు ఒప్పుకోలేం. పెళ్ళికూతురిని మొదటినుంచి చివరిదాకా ఒంటిచేత్తో తయారుచేయగలవాళ్ళు ఎంతమందో, ఆ రాత్రికి అన్నే పెళ్ళిళ్ళు. మిగతావి వదులుకోవాలి, లేదా తెలిసిన ఆర్టిస్టుకి ముందే అప్పగించాలి.

"డ్రయర్లు రెండూ పెట్టగానే కరెంటు పోతోంది" లేదా "కాలిన వాసన వస్తోంది"

ప్లగ్గు పీకి దాని కాళ్ళ చుట్టూ చూడండి. తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, సాకెట్ రంధ్రం కొంచెం సాగినట్టు ఉంటే కారణం దొరికినట్టే. 2000 వాట్ల డ్రయర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. గోడకి ఉన్న చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి రెండు డ్రయర్లు పెడితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) పడిపోవడం అదృష్టమే అనుకోవాలి, పడకపోతే వైరు కాలుతుంది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్రతి డ్రయర్ కుర్చీ దగ్గరా 16 ఆంపియర్ల సాకెట్ వేయించండి. ఏసీ, గీజర్, డ్రయర్లు ఒకే లైను మీద ఉంటే విడదీయించండి. షాపుకి తీసుకున్న లోడు ఎంతో బిల్లు మీద ఉంటుంది. అది చాలకపోతే అదనపు లోడుకి విద్యుత్ పంపిణీ సంస్థలో సీజన్‌కి ముందే దరఖాస్తు పెట్టాలి. "ఎంసీబీ పెద్దది వేసేయ్" అంటే మాత్రం వినకండి. వైరు మారకుండా ఎంసీబీ పెంచడమంటే కాపలావాడిని ఇంటికి పంపించడమే.

ఇన్వర్టర్ ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. ఇళ్ళల్లో పెట్టుకునే 900 వీఏ ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు, స్ట్రెయిట్‌నర్ నడుస్తాయి. డ్రయర్ ఆన్ చేయగానే ఓవర్‌లోడ్ అని కూత పెడుతుంది. కరెంటు పోయినప్పుడు ఏది వాడొచ్చో, ఏది వాడకూడదో సాకెట్ల మీద స్టిక్కర్ అంటిస్తే కొత్తగా చేరిన అమ్మాయికి కూడా తెలుస్తుంది.

"షాంపూ నురగ రావట్లేదు, కడిగాక జుట్టు పీచులా ఉంది"

షాంపూ మార్చేముందు కుళాయి చివర చూడండి. తెల్లటి పొర పేరుకుని ఉంటే బోరు నీళ్ళ కాఠిన్యం అది. సబ్బు, షాంపూ సరిగా పనిచేయవు. అదే పొర గీజర్ కాయిల్ మీదా పేరుకుని నీళ్ళు వేడెక్కడం ఆలస్యమవుతుంది. మూఢం రోజుల్లో గీజర్ విప్పించి కాయిల్ శుభ్రం చేయించండి. వాటర్ సాఫ్టెనర్ పెట్టే స్తోమత లేకపోతే కనీసం చివరి కడుగుకి మంచినీళ్ళు వాడండి, పెళ్ళికూతురి తలకి ఒక బకెట్ చాలు.

మొదటి ముగ్గురికీ వేడినీళ్ళు వచ్చి నాలుగో ఆవిడకి చన్నీళ్ళు వస్తున్నాయంటే గీజర్ పాడైందని కాదు. 25 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల కాయిల్ అయితే ఖాళీ అయ్యాక మళ్ళీ వేడెక్కడానికి అరగంట పడుతుంది. హెయిర్ స్పాలన్నీ ఒకే గంటలో పెట్టకుండా మధ్యలో వ్యాక్సింగ్, పెడిక్యూర్ వేసుకుంటే సరిపోతుంది.

"వ్యాక్స్ చేస్తుంటే చర్మం లేచింది", "బ్లీచ్ పెట్టగానే మంట అంటోంది", "రంగు వేశాక మొహం వాచింది"

సీజన్‌లో నేను ఎక్కువగా భయపడేది వీటికే. జడ వంకరైతే సరిచేయొచ్చు, పై పెదవి మీద చర్మం లేస్తే పెళ్ళి ఫొటోల్లో అలాగే ఉండిపోతుంది.

వ్యాక్స్ వేడి ఎక్కువైతే కాలుతుంది, అది అందరికీ తెలిసిందే. ప్రతిసారీ మన మణికట్టు లోపలివైపు పెట్టి చూసుకుంటే తప్పుతుంది. అసలు చిక్కు, వేడి సరిగ్గా ఉన్నా చర్మం లేవడం. మొటిమలకి రాసే ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి క్రీములు, ఐసోట్రెటినాయిన్ మాత్రలు చర్మం పైపొరని సున్నితంగా మారుస్తాయి. ఇంకో రకం, తెల్లబడతామని మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు. చర్మం పల్చబడి ఉంటుంది, పైకి మాత్రం నున్నగా, మెరుస్తూ కనిపిస్తుంది.

"మీకు ఎలర్జీ ఏమైనా ఉందా?" అని అడిగితే అందరూ "లేదండీ" అనే అంటారు. ప్రశ్న మార్చండి: "రాత్రిపూట మొహానికి ఏం రాసుకుంటున్నారమ్మా? ఆ ట్యూబు ఫొటో పంపుతారా?" జవాబు వేరేలా వస్తుంది. అలాంటి క్రీము వాడుతున్నవాళ్ళకి మొహం మీద వ్యాక్స్, బ్లీచ్ రెండూ వద్దు, థ్రెడింగ్‌తో సరిపెట్టండి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే, ఈమధ్యే ఆపినా సరే, డాక్టర్ సరేనంటే తప్ప వ్యాక్స్ ముట్టుకోకండి.

జుట్టు రంగుతో వాపు రావడానికి ఎక్కువసార్లు కారణం అందులో ఉండే పీపీడీ అనే రసాయనం. గత ఏడాది పడిన రంగు ఈ ఏడాది పడకపోవచ్చు. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడాలని డబ్బా మీదే ఉంటుంది, సీజన్‌లో ఎవరికీ అంత తీరిక ఉండదు. దీనికి తేలికైన దారి ఉంది. అడ్వాన్స్ ఇవ్వడానికి వచ్చిన రోజే చెవి వెనక చుక్క పెట్టి పంపండి. రసీదు రాసేలోపు అయిపోతుంది.

ఇక ఏది ఎప్పుడు చేయాలో కాగితం మీద రాసి ఇవ్వండి. రంగు వారం పదిరోజుల ముందు. ఫేషియల్ నాలుగైదు రోజుల ముందు, అదీ ఆ మొహానికి అలవాటైనదే. వ్యాక్సింగ్, పెడిక్యూర్ మెహందీకి ముందురోజు. పెళ్ళికి రెండ్రోజుల ముందు "కొత్త ఫేషియల్ ఏదో వచ్చిందట కదా" అని అడిగేవాళ్ళకి లేదనడం నేర్చుకోవాలి.

"మెహందీ పండలేదు"

పండిన చేతి మీద తరవాత వ్యాక్సో స్క్రబ్బో చేసి ఉంటారు. లేదా పెళ్ళి ముందురాత్రి పెట్టి ఉంటారు. సహజమైన గోరింటాకు రంగు ముదరడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. నిమిషాల్లో నల్లగా పండే కోన్లు ఎవరు తెచ్చినా పెట్టకండి. అందులో కూడా పీపీడీ కలుపుతారు, చేతులు పొక్కుతాయి.

"అద్దంలో బాగుంది, ఫొటోలో మొహం తెల్లగా, మెడ నల్లగా వచ్చింది"

సిలికా ఎక్కువున్న పౌడరు, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ఫ్లాష్ వెలుగుని తిరిగి కొడతాయి. రాత్రి పెళ్ళికి ఆ రకం వద్దు. బేస్ పూర్తయ్యాక లైట్లు తగ్గించి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూడండి, అప్పుడు తెలిస్తే తుడవచ్చు. బేస్ ఉండలు కట్టి ఊడుతుంటే కింద వేసిన ప్రైమర్, పైన ఫౌండేషన్ కలవట్లేదని అర్థం: ఒకటి నీటితో చేసింది, ఒకటి సిలికాన్‌తో చేసింది. ఆ జంటలు పెళ్ళికి ముందు మేకప్ వేసి చూసే ట్రయల్ రోజే తేల్చుకుని డబ్బాల మీద ఒకే నంబరు రాయండి.

"పెడిక్యూర్ చేయించుకున్న వారానికి కాళ్ళ మీద కురుపులు వచ్చాయి"

2000లో కాలిఫోర్నియాలో ఒకే సెలూన్‌లో వందమందికి పైగా ఇలాగే కురుపులు వచ్చాయి. వెతికితే ఫుట్‌బాత్‌లో నీళ్ళు లాగే జాలీ వెనక పేరుకున్న వెంట్రుకలు, మురికి, వాటిలో పెరిగిన బ్యాక్టీరియా దొరికాయి. మీ టబ్బుకి అలాంటి జాలీ ఉంటే రోజూ రాత్రి విప్పి రుద్ది కడగాలి. రద్దీగా ఉంటే మామూలు బేసిన్లే నయం, సబ్బుతో తోమి ఆరబెట్టొచ్చు.

హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట వారం దాకా బతకగలదు. అందుకే గోళ్ళ అంచు చర్మం కత్తిరించే క్యూటికల్ కట్టర్లు ముందు సబ్బునీళ్ళతో కడిగి, తరవాతే క్రిములు చంపే మందులో నానబెట్టాలి. నీలి లైటు (యూవీ) పెట్టెలో పెట్టినంత మాత్రాన శుభ్రమైపోవు. సెట్లు రెండింతలు ఉంటే ఒకటి నానుతుంటే ఇంకొకటి వాడుకోవచ్చు. థ్రెడింగ్ దారం నోట్లో పట్టే అలవాటు మాన్పించి మెడకి కట్టుకోమనండి.

"సీజన్ మధ్యలో అమ్మాయి మానేసింది"

బయట సొంతంగా చేసుకుంటే ఒక్క పెళ్ళికి వచ్చే డబ్బు ఆమెకి తెలుసు. రాత్రి మూడింటికి మండపంలో పని ముగించుకుని, కాలికి పారాణి పెట్టి, తిండి లేకుండా ఆటో కోసం నిలబడిన అమ్మాయికి నెలాఖరు జీతం గుర్తురాదు. రాత్రి పెళ్ళికి వాటా వేరుగా, అదే రాత్రి ఫోన్‌పేలో వేసేయండి. దింపడానికి కారు, మర్నాడు మధ్యాహ్నం దాకా సెలవు పెళ్ళివారి ప్యాకేజీలోనే కలపండి. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు కూడా ఆ ముహూర్తాలకే ఉంటాయి కాబట్టి పంచాంగం ముందు పెట్టుకుని సెలవులు నెల ముందే అడిగి రాసుకోండి.

"బిల్లు దగ్గర గొడవ: జీఎస్టీ తగ్గిందిగా, రేటెందుకు తగ్గలేదు?"

2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి వచ్చింది, నిజమే. కానీ సరుకు, అద్దె మీద మనం కట్టే పన్నుని వెనక్కి తీసుకునే వీలు పోయింది. ఆ భారం ఖర్చులో కలుస్తుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న పార్లర్ అయితే అసలు జీఎస్టీ వసూలు చేయకూడదు. మీ ఆడిటర్‌తో కూర్చుని ప్యాకేజీ రేట్లు కొత్తగా కట్టండి. ట్రయల్, చీర మార్పు, రాత్రి చార్జీ, ఊరి బయట మండపానికి ప్రయాణం, ఒక్కొక్కటీ విడిగా రాసి, పన్ను కలిపిందో కాదో పక్కనే పెట్టి, ఆ కార్డుని అడ్వాన్స్ రసీదుతో పాటే చేతిలో పెట్టండి.