ఎముకకు పని – 3వ పాఠం: మడమ దిగితే చప్పుడు రావాలి

పోయిన పాఠంలో ఒంటికాలి మీద నిలబడి 10 అంకెలు లెక్కపెట్టమన్నాను. పది దాకా నిలవగలిగినవాళ్లు ఈ పాఠంలోకి రండి. అయిదుకే తూలిపోయినవాళ్లు ఇంకో వారం అదే చేయండి. మనకేమీ తొందర లేదు.

పడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నాలుగేళ్ల కింద వానకు తడిసిన నాపరాళ్ల మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు కట్టుకు పోదామని మా అమ్మ, పిండికట్టే వేయించుకుంటానని నేను. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే ఆ చెయ్యి నాది కాదేమో అనిపించింది. కండ కరిగిపోవడం కంటికి కనిపించింది. పని లేకపోతే లోపల ఎముక కూడా అలాగే పలచబడుతుంది. అది కనిపించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

అనంతపురం పల్లెల్లో మట్టిమిద్దెలు చూసినవాళ్లకు ఎముక సంగతి చెప్పడం సులువు. వానలు రాకముందే మిద్దె ఎక్కి, చెడిపోయిన చౌడు తీసేసి కొత్త చౌడు పరుస్తారు. ఎముకలోనూ ఇదే పని, కాకపోతే ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటుంది. ఒక రకం కణాలు పాత ఎముకను తవ్వేస్తాయి. వాటి వెనకే ఇంకో రకం వచ్చి ఆ గుంటను కొత్త ఎముకతో పూడుస్తాయి. ఒక్కో చోట మరమ్మతు పూర్తి కావడానికి కొన్ని నెలలు పడుతుంది. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది.

మరి ఎక్కడ గట్టిగా పూడ్చాలో ఎవరు చెప్తారు? బరువే చెప్తుంది. బరువు పడినప్పుడు ఎముక రవ్వంత వంగుతుంది. అప్పుడు దాని లోపలి సన్నటి దారుల్లో ద్రవం కదులుతుంది. ఎముకలోనే కూరుకుపోయి ఉండే మూడో రకం కణాలు ఆ కదలికను పసిగట్టి మిగతావాటికి కబురు పంపుతాయి. మోసే బరువును బట్టి ఎముక తన కట్టడాన్ని మార్చుకుంటుందని జర్మనీ సర్జన్ యూలియస్ వుల్ఫ్ 1892లోనే రాశాడు. బరువన్నదే తెలియని అంతరిక్షంలో ఉండేవాళ్లకు తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తగ్గుతుంది. మనుషులు లేని ఇంటి మిద్దె మీద చౌడు ఎవరు పరుస్తారు?

ఇక్కడే నడకవాళ్లకు నా మీద కోపం వస్తుంది. "రోజూ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఆరు రౌండ్లు కొడతాను, అది చాలదా?" అని అడుగుతారు. గుండెకూ షుగరుకూ నడక చాలా మంచిది. (ఆ తర్వాత తినే ఉగ్గాని, బజ్జీల లెక్క వేరే.) కానీ నడక బరువుకు ఎముక ఎప్పుడో అలవాటు పడిపోయింది. దానికి కొత్త కబురేమీ అందదు. ఈత, సైకిలు కూడా అంతే. ఒంటి బరువును నీళ్లో సీటో మోస్తాయి. ఎముకకు కావలసింది కొంచెం ఎక్కువ బరువు, కొంచెం వేగంగా, కొద్దిసార్లు మాత్రమే.

అందుకే ఈ వారం మడమలు దించడం నేర్చుకుందాం. వంటింటి గట్టు పట్టుకుని నిలబడండి. కింద నాపరాయి అయితే గోనెసంచి మడిచి వేసుకోండి. రెండు మడమలూ మెల్లగా పైకి లేపి, మునివేళ్ల మీద ఒక్క క్షణం ఆగండి. ఇప్పుడు మడమలను వదిలేయండి. ధబ్ మని చప్పుడు రావాలి. మోకాళ్లు బిగబట్టకండి, రవ్వంత సడలించి ఉంచండి. నడుం నిటారుగా ఉండాలి. చాలామంది చప్పుడుకు సిగ్గుపడి మెల్లగా దించుతారు. అలా దించితే పిక్కలకు పని పడుతుంది గానీ ఎముకకు అదురు తగలదు.

పొద్దున 20 సార్లు, సాయంత్రం 20 సార్లు. ఒకేసారి వంద కొట్టేస్తే అయిపోతుంది కదా అనుకోకండి. కొన్ని పదుల సార్లు అయ్యాక ఆ కబురు పంపే కణాలు స్పందించడం తగ్గిస్తాయి. మళ్లీ వినే స్థితికి రావడానికి వాటికి కొన్ని గంటల విరామం కావాలి. అందుకే రెండు పూటలుగా విడగొట్టాను.

ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్లు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, మోకాలు వాచి ఉన్నవాళ్లు ధబ్ మనిపించకండి. మడమలు లేపి మెల్లగా దించండి చాలు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు మొదటి కొన్నేళ్లలో ఎముక తొందరగా తరుగుతుంది. కాబట్టి వాళ్లు ముందు డాక్టరును అడిగి, ఆ తర్వాత ఈ పాఠాన్ని అసలు వదలకూడదు.

ఇక మోకాళ్లు. మా వీధిలో ఒకామె ఏళ్ల తరబడి శెనక్కాయ చేలల్లో కలుపు తీసింది. "గుజ్జంతా అరిగిపాయ సామీ, ఇంక కదిలిస్తే ఉన్నదీ పోతాది" అంటుంది. అందరూ నమ్మే మాటే ఇది. గుజ్జు అని మనం అనేది ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తటి మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే దానికి తిండి అందాలి. గిన్నెలు తోమే స్పాంజిని నొక్కి వదిలితే నీళ్లు పోయి మళ్లీ ఎక్కుతాయి చూడండి, ఇదీ అంతే. కాలు కదిపినప్పుడు నలుగుతుంది, వదిలినప్పుడు పీల్చుకుంటుంది. కదపడం మానేస్తే ఆకలితో ఎండుతుంది.

"అయితే పొద్దంతా చేలో నేను చేసింది వ్యాయామం కాదా?" అని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. గంటల కొద్దీ గొంతుకూర్చుని ఉంటే స్పాంజి నొక్కినట్టే ఉండిపోతుంది, వదలడం ఉండదు. గొంతుకూర్చుని, మోకరిల్లి ఏళ్ల తరబడి చేసే పనుల వల్ల మోకాళ్ల నొప్పులు పెరుగుతాయి. అది ఆమె తప్పు కాదు, కూలి పని తీరే అంత. ఆమెకు నేను చెప్పింది ఒక్కటే: కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి, 5 అంకెలు లెక్కపెట్టి దించు, కాలికి 10 సార్లు. తొడ ముందు కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

నొప్పిని కొలవడానికి ఒక లెక్క పెట్టుకోండి. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉన్నా పరవాలేదు. మరుసటి రోజు పొద్దున కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించండి. మోకాళ్లలో నొప్పి లేకుండా వచ్చే టకటక చప్పుడుకు టెన్షన్ పడకండి.

ఇంకొక్క మాట, మన జిల్లావాళ్లకే. మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు ఆ నీళ్లు తాగడం ఆపండి. ఫ్లోరైడ్ ఎక్కితే ఎముక ఎక్స్‌రేలో దిట్టంగానే కనబడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. దానికి మడమలు దించడం మందు కాదు.

ఈ వారం క్యాలెండరులో పూటకో గీత గీయండి. వారానికి 14 గీతలు. పదికి తగ్గితే ఈ పాఠమే మళ్లీ చేయండి. 4వ పాఠానికి ఇంటి ముందు మెట్టు ఒకటి, లీటరు నీళ్ల సీసాలు రెండు కావాలి. మెట్టు తడిగా ఉంటే తుడిచి పెట్టుకోండి.